పెట్రోలు ట్రాక్టరునకు డీజిలు ఇంజను: మార్చుటకు ముందు రైతు వేసికొనవలసిన లెక్క

విశాఖపట్టణములోని పూర్ణా మార్కెట్టునకు కూరగాయలు తోలుకొనివచ్చు రైతునకు రెండు ధరలు బాగుగా తెలియును. ఒకటి, తాను తెచ్చిన వంకాయల బుట్టకు ఆ ఉదయము పలికిన ధర. రెండవది, తిరుగుదారిలో బంకున పోయించుకొను చమురు ధర. మొదటిది దినదినము మాఱును. బండ్లు ఎక్కువ వచ్చిననాడు సగమునకు పడును. రెండవది దిగివచ్చుట అరుదు. కావున సేద్యమున చమురు ఖర్చు తగ్గించు మార్గమేదైన నున్నదని వినినంతనే రైతు చెవియొగ్గుట సహజము.

అట్టి మార్గములలో నొకటి, పాత పెట్రోలు ట్రాక్టరులోని ఇంజనును తీసివేసి డీజిలు ఇంజనును బిగించుట. ఇది క్రొత్త యూహ కాదు. డెబ్బది యెనుబది యేండ్లుగా లోకమున జరుగుచున్న పనియే. చేసి లాభపడినవారు కలరు, చేసి చెడినవారును కలరు. ఈ భేదము చాలవఱకు మేస్త్రి చేతి నేర్పుచే కలుగలేదు. పని మొదలుపెట్టక పూర్వము రైతు వేసికొన్న లెక్కచే కలిగినది. ఆ లెక్క యెట్లు వేయవలెనో సంఘసభ్యుల యుపయోగార్థము ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

పెట్రోలు ఇంజను గల ట్రాక్టరు మన దేశమున నేడు అరుదైన వస్తువే. 1959 లో ఐషర్ సంస్థ ఫరీదాబాదులో మన దేశపు తొలి ట్రాక్టరును తయారుచేసిననాటినుండి ఇచ్చట తయారైన ట్రాక్టరులు దాదాపుగా అన్నియు డీజిలువే. అంతకుముందు విదేశములనుండి వచ్చిన యంత్రములు అక్కడక్కడ పాత తోటలలోను, పెద్ద కమతముల కొట్టములలోను మిగిలియున్నవి. ఐనను ఇందు చెప్పబోవు సూత్రములు వానికి మాత్రమే చెందినవి కావు. అరిగిపోయిన డీజిలు ఇంజను స్థానమున వేఱొక జాతి డీజిలు ఇంజనును బిగింపదలచిన వారికిని, పంపునకో చెరకు గానుగకో ఇంజను మార్పదలచిన వారికిని ఇవి వర్తించును.

పూర్వచరిత్ర

1917 లో హెన్రీ ఫోర్డు విపణికి తెచ్చిన ఫోర్డుసన్ ట్రాక్టరు కిరసనాయిలుతో నడచెడిది. పెట్రోలుతో ఇంజనును వేడిచేసి, పిమ్మట కిరసనాయిలునకు మార్చుట ఆనాటి పద్ధతి. 1946 లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున తయారు ప్రారంభమైన చిన్న ఫెర్గూసన్ ట్రాక్టరు మొదట పెట్రోలుతోను, తరువాత కిరసనాయిలుతోను, 1951 నుండి డీజిలుతోను నడచునట్లు చేయబడినది. ఒకే నమూనా ట్రాక్టరు పదేండ్లలోపల మూడు చమురులకు మాఱిన దన్నమాట.

ఇంజను మార్పిడికి పేరొందినవాడు ఫ్రాంక్ పెర్కిన్స్. ఇతడు 1932 లో ఇంగ్లండులోని పీటర్‌బరో పట్టణమున తేలికపాటి డీజిలు ఇంజనులు చేయు సంస్థను స్థాపించెను. 1948 నుండి ఫోర్డుసన్ మేజర్ ట్రాక్టరు పెర్కిన్స్ సంస్థవారి ఆరు సిలిండరుల డీజిలు ఇంజనుతో గూడ లభించెను. ఫెర్గూసన్ ట్రాక్టరులకు అదే సంస్థవారి మూడు సిలిండరుల ఇంజనును బిగించుకొనుటకు కావలసిన సామగ్రి యంతయు ఒక జతగా అమ్మబడెను. మన దేశమునందు మదరాసులోని సింప్సన్ సంస్థ పెర్కిన్స్ నమూనా ఇంజనులను తయారుచేయుచు వచ్చినది.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ మార్పిడులు కుదిరినది ఏదో యొక ఇంజనును తెచ్చి ఏదో యొక ట్రాక్టరునకు తగిలించుటచే గాదు. ఏ ట్రాక్టరునకు ఏ ఇంజను, దానికి నడుమ ఏ పలక, ఏ ఫ్లైవీలు, ఏ క్లచ్చి అను నదంతయు ముందుగా కొలిచి, పోతపోసి, పరీక్షించిన పిమ్మట అమ్ముటచే కుదిరినవి. మన యూరి కొట్టములో ఆ కొలతలన్నియు మనమే తీసికొనవలెను.

డీజిలు తక్కువ త్రాగుటకు కారణము

పెట్రోలును డీజిలును ఒకే ముడిచమురునుండి వచ్చును. 1957 లో కాల్టెక్సు సంస్థ విశాఖపట్టణమున నెలకొల్పిన చమురు శుద్ధి కర్మాగారము, 1978 లో హిందుస్థాన్ పెట్రోలియమునందు విలీనమైనది, ఈ రెంటిని ఉత్పత్తి చేయుచునే యున్నది. అట్లయినను లీటరు పెట్రోలు చేయు పనికంటె లీటరు డీజిలు చేయు పని ఎక్కువ. దీనికి మూడు కారణములు కలవు.

మొదటిది, డీజిలు చిక్కని చమురు. లీటరునకు లీటరు తూచినచో దానియందలి వేడిమి పెట్రోలుకంటె సుమారు పదవ వంతు ఎక్కువ.

రెండవది, నొక్కుడు. పాత పెట్రోలు ట్రాక్టరులో పిస్టను గాలిని పెట్రోలు ఆవిరిని కలిపి సుమారు ఆఱవ వంతు చోటిలోనికి నొక్కును. అంతకుమించి నొక్కినచో అది వేళగాని వేళ మండి పిస్టనును కొట్టును. డీజిలు ఇంజను గాలిని మాత్రమే లోనికి తీసికొని పదునాఱవ వంతునకో, ఇరువదవ వంతునకో నొక్కును. అంత నొక్కుడునకు గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి నాజిలు ద్వారా సన్నని తుంపరగా చల్లిన చమురు స్పార్కు ప్లగ్గుతో పనిలేకయే మండును. నొక్కుడు హెచ్చిన కొలది అదే వేడిమినుండి ఎక్కువ పని వచ్చును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు ఈ సూత్రముపై చేసిన యంత్రమును 1897 లో ఆగ్స్‌బర్గ్ పట్టణమున జయప్రదముగ నడిపి చూపెను.

మూడవది, పెట్రోలు ఇంజను అరపనిలో ఉన్నపుడు గాలిదారిని మూసికొని, ఊపిరాడని మనిషివలె శ్రమపడుచు గాలి పీల్చును. డీజిలు ఇంజనునకు గాలిదారి యెప్పుడును తెఱచియే యుండును. పనినిబట్టి చమురు మాత్రమే తగ్గును. ట్రక్కు లాగుట, మందు కొట్టుట మున్నగు తేలికపనులలో డీజిలునకు గల లాభము ఇంకను ఎక్కువగుటకు ఇదియే కారణము.

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున 1919 లో చేసిన చట్టము ననుసరించి 1920 నుండి ట్రాక్టరులను పరీక్షించి ఫలితములను రైతుల కెఱిగించుచున్నారు. అట్టి పరీక్షలనుబట్టి చూడగా, పూర్తి బరువుపై నొక అశ్వబలము ఒక గంట పనిచేయుటకు మంచి డీజిలు ఇంజనునకు పావు లీటరు చమురు సరిపోవును. పాత పెట్రోలు ఇంజనునకు లీటరులో మూడవ వంతు, లేక అంతకు మించియు కావలెను. స్థూలముగా, పెట్రోలు 10 లీటరులు పట్టు పనికి డీజిలు 7 లీటరులు చాలునని చెప్పవచ్చును.

రూపాయల లెక్క

ఇంతవఱకు వినినవాడు మఱునాడే మేస్త్రిని పిలుచును. కాని యిల్లలుకగానే పండుగ కాదు. ముందుగా కాగితము కలము తీసికొనవలెను.

మీ ట్రాక్టరు నిజముగా గంటకెంత చమురు పట్టుచున్నదో నోటి మాటపై నమ్మవలదు. టాంకును అంచువఱకు నింపి, కొలిచిన గంటలపాటు దుక్కిపనిలో నడిపి, తిరిగి కొలపాత్రతో అంచువఱకు నింపుడు. ఎన్ని లీటరులు పట్టినదో అదియే ఖర్చు. దుక్కి, దమ్ము, ట్రక్కు తోలుట, ఈ మూటికి వేఱువేఱుగ కొలువుడు.

ఉదాహరణకు గంటకు 5 లీటరుల పెట్రోలు పట్టుచున్న దనుకొందము. డీజిలు ఇంజనునకు మూడున్నర లీటరులు చాలును. లెక్క కొఱకు లీటరు పెట్రోలు 110 రూపాయలు, డీజిలు 97 రూపాయలు అనుకొనుడు. మీరు లెక్క వేయునాటి ధరలను ఆ స్థానమున వేసికొనవచ్చును. పెట్రోలు ఖర్చు గంటకు 550 రూపాయలు. డీజిలు ఖర్చు సుమారు 340 రూపాయలు. మిగులు గంటకు 210 రూపాయలు.

ఇక ఖర్చు. ఇచ్చటనే చాలమంది పొరబడుదురు. ఇంజను వెల నొక్కటే ఖర్చని తలతురు. ఇంజనుతోపాటు నడిమి పలక, ఫ్లైవీలునకు లేతు పని, క్లచ్చి, దిమ్మలు, రేడియేటరు గొట్టములు, డీజిలు గొట్టములు, ఫిల్టరులు, పెద్ద బ్యాటరీ, సెల్ఫు, సైలెన్సరు, బానెట్టు మార్పు, కూలి, రిజిస్ట్రేషను ఖర్చు, పని ఆగిన దినములలో బాడుగకు తెచ్చుకొను ట్రాక్టరు ఖర్చు, ఇవన్నియు వ్రాయవలెను. వ్రాసిన మొత్తమునకు పదవ వంతు చేర్చవలెను. ఏదో యొకటి మఱచుట తప్పదు. పాత ఇంజను అమ్మగా వచ్చునది తీసివేయవలెను. ఇట్లు తేలిన మొత్తము 1,50,000 రూపాయలనియు, అది నూటికి పది వడ్డీకి తెచ్చిన యప్పనియు అనుకొందము.

ఏటికి 300 గంటలు ట్రాక్టరు నడుపు రైతునకు మిగులు 63,000 రూపాయలు. అందు మొదటి యేట వడ్డీ 15,000 పోగా 48,000 అసలుకు చెల్లును. మూడవ సంవత్సరము ముగియకముందే యప్పు తీరును. ఆపైన మిగిలినదంతయు అతనిదే.

ఏటికి 100 గంటలు మాత్రమే నడుపు రైతునకు మిగులు 21,000. మొదటి యేట వడ్డీ 15,000 పోగా అసలుకు చెల్లునది 6,000 మాత్రమే. ఈ వరుసను అప్పు తీరుటకు సుమారు పదమూడేండ్లు పట్టును. అంతకాలము ఆ ఇంజను మరమ్మతు లేకుండ నడచునని యెవరు చెప్పగలరు? ఇతనికి ఈ మార్పిడి లాభము కాదు, ఋణము.

ఈ రెంటి నడుమ గీత యెక్కడనగా, ఈ ధరల ప్రకారము అయిదేండ్లలో అప్పు తీరవలెనన్న ఏటికి సుమారు 190 గంటల పని యుండవలెను. తన పొలముతో పాటు ఇరుగుపొరుగు పొలములకు బాడుగకు తోలువానికి ఇది సులభము. రెండు మూడెకరముల కూరగాయల రైతునకు దుర్లభము.

బలము కుదురునా?

రూపాయల లెక్క కుదిరినచో యంత్రము లెక్క చూడవలెను. ఎద్దులతో త్రిప్పు నిలువు గానుగకు ఇంజను తగిలింప జూచినవా డెవడును లేడు. ఇంజనుతో త్రిప్పు గానుగ వేఱుగ, గట్టిగ చేయబడును. అనకాపల్లి ప్రాంతపు చెరకు రైతులకు ఈ సంగతి తెలిసినదే. ట్రాక్టరునకును ఇదియే న్యాయము.

అశ్వబలము సమానమైనచో చాలునని తలపరాదు. గేరులను విఱుచునది అశ్వబలము కాదు, మెలిత్రిప్పు బలము. దీనిని లెక్కించుట సులభము. అశ్వబలమును 716 చే గుణించి, నిమిషమునకు ఇంజను తిరుగు చుట్ల సంఖ్యచే భాగించినచో మెలిత్రిప్పు బలము కిలోగ్రాము-మీటరులలో వచ్చును. 25 అశ్వబలముల పెట్రోలు ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరిగినచో ఆ బలము సుమారు 9. అదే 25 అశ్వబలముల డీజిలు ఇంజను 1500 చుట్లు తిరిగినచో సుమారు 12. పేరునకు రెండును 25 అశ్వబలములే. కాని గేరు పండ్లపైని, వెనుక ఇరుసుపైని పడు బలము మూడవ వంతు పెరిగినది. తడిదుక్కిలోను, దమ్ములోను చక్రము దిగబడినపుడు డ్రైవరు ఒక్కసారి క్లచ్చి వదలినచో ఆ పెరిగిన బలము తన దారి తాను వెదకికొనును. క్లచ్చి పలకయో, గేరు పన్నో, ఇరుసో బలియగును.

వేగము తగ్గుటచే వచ్చు చిక్కు ఇంకొకటి. పనిముట్లను త్రిప్పు వెనుక షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు తిరుగునట్లు ట్రాక్టరులు చేయబడినవి. పంపులు, రోటవేటరులు ఆ వేగమునకే తగియుండును. 2000 చుట్ల ఇంజనుతో 540 వచ్చు ట్రాక్టరులో 1500 చుట్ల ఇంజనును పెట్టినచో వచ్చునది 405 మాత్రమే. రహదారి వేగమును అట్లే నాల్గవ వంతు తగ్గును. తెల్లవాఱకముందే పూర్ణా మార్కెట్టునకు చేరవలసిన కూరగాయల బండికి ఇది చిన్న విషయము కాదు.

కావున పాత ఇంజను తిరిగిన వేగమునకు సమీపముగ తిరుగునదియు, మెలిత్రిప్పు బలమున దానిని మిక్కిలి మించనిదియునైన ఇంజనునే ఎన్నుకొనవలెను. బావిపై పంపు త్రిప్పు ఒంటి సిలిండరు ఇంజను చవుకగ దొరకునని దానిని ట్రాక్టరున పెట్ట తలచుట అవివేకము. అది ఒకే వేగమున, కదలని దిమ్మపై నిలిచి తిరుగుటకు చేయబడినది. దాని యదురునకు బోల్టులు వదులగును, రేడియేటరు పగులును.

ఒడలు కుదురునా?

ట్రాక్టరులు రెండు విధములు. కొన్నింటికి ప్రక్కల రెండు ఇనుప దూలములుండి ఇంజను వానిపై కూర్చుండును. ఇట్టివానియందు ఇంజను మార్చుట కొంత సుకరము. ఫోర్డుసన్, ఫెర్గూసన్ మొదలగువానికి అట్టి దూలములు లేవు. ముందు ఇరుసునకు గేరు బాక్సునకు నడుమ ఇంజనే వెన్నెముకగ నిలుచును. ఇట్టి ట్రాక్టరునుండి ఇంజను తీసినచో బండి రెండు ముక్కలగును. వాని నడుమ పెట్టు ఇంజను త్రిప్పుటయే గాక మోయగల దారుఢ్యముగూడ కలిగియుండవలెను. కారులో పనిచేయు ఇంజను ఎంత మంచిదైనను దాని ఒడలు ఈ బరువునకు చేయబడలేదు. అట్టి దానిని పెట్టవలెనన్న ప్రక్కల గట్టి ఇనుప చట్రమును ప్రత్యేకముగ చేయించక తప్పదు.

ఇంజను గేరు బాక్సు కలియుచోటు మిగుల సున్నితమైనది. ఇంజను షాఫ్టు నడుమ రేఖయు, గేరు షాఫ్టు నడుమ రేఖయు ఒకే గీతలో నుండవలెను. డయలు గేజితో చూచినపుడు తేడా మిల్లీమీటరులో పదవ వంతునకు మించకుండుట మంచిది. కంటికి సరిగా కనబడుచున్నదను మాట ఇచ్చట చెల్లదు. తేడా యున్నచో క్లచ్చి నడిబొడ్డు పగులుట, గేరు బాక్సు ముందు బేరింగు పోవుట కొలది మాసములలోనే జరుగును. ఇంజను తిరుగు దిక్కు పాతదానితో సమానముగ నున్నదా యని ముందే చూడవలెను. దిక్కు వేఱైనచో ముందుకు పోవు గేరులన్నియు వెనుకకు పోవును.

డీజిలు ఇంజను బరువెక్కువ. ముందు ఇరుసుపై పడు అధిక భారమునకు టైరులు, ఇరుసు నడిమి పిన్ను, స్టీరింగు తగియున్నవో లేవో చూచుకొనవలెను. గొర్రును ఎత్తు హైడ్రాలిక్కు పంపు కొన్నింట గేరు బాక్సునుండి, కొన్నింట ఇంజనునుండి తిరుగును. ఇంజనునుండి తిరుగు జాతియైనచో క్రొత్త ఇంజనుపై దానికి చోటున్నదా యని అడుగుడు. లేనిచో ట్రాక్టరు నడచును గాని గొఱ్ఱు లేవదు.

చమురు, గాలి, నీరు, కరెంటు

డీజిలు పంపునకు, నాజిలునకు శత్రువులు నీరు, మన్ను. పెట్రోలు టాంకులో త్రుప్పు ఏండ్ల తరబడి పేరుకొనియుండును. దానిని పూర్తిగా కడుగవలెను, లేదా మార్చవలెను. చమురుదారిలో రెండు ఫిల్టరులు వరుసగ నుండుట మేలు. పీపాలోని డీజిలును ఒక దినము కదలకుండ నిలిపి పైచమురును మాత్రమే తీసికొనవలెను. కిరసనాయిలు కలుపుట చవుకయని తలచువారు కలరు. డీజిలు తాను మండుటయే గాక పంపును తడుపుచునుండును; కిరసనాయిలునకు ఆ జిడ్డు లేదు. పది రూపాయలు మిగుల్చుకొనబోయి పంపును పోగొట్టుకొనుట జరుగును.

నాజిలు చల్లు చమురు చదరపు సెంటిమీటరునకు సుమారు 200 కిలోగ్రాముల ఒత్తిడితో వచ్చును. కారుచున్నదా యని దానికి చేయి యడ్డము పెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును. చిన్న గాటువలె కనబడినను వెంటనే వైద్యశాలకు పోవలెను.

డీజిలు ఇంజను గాలిని ఎక్కువగ పీల్చును. మన ఎఱ్ఱనేలల దుమ్ములో గాలి ఫిల్టరు చిన్నదైనచో సిలిండరులు ఒక్క వేసవిలోనే అరుగును. పాత ట్రాక్టరు ఫిల్టరును విడిచి క్రొత్త ఇంజనునకు తగినదానినే పెట్టవలెను. రేడియేటరు గొట్టముల చోట్లు, ఫ్యాను గాలి కొట్టు దిక్కు సరిచూడవలెను. పాత ట్రాక్టరులలో కొన్నింటికి 6 వోల్టుల బ్యాటరీ యుండును; అంత నొక్కుడు గల ఇంజనును త్రిప్పుటకు అది చాలదు. 12 వోల్టుల పెద్ద బ్యాటరీ, దానికి తగిన సెల్ఫు, లావైన తీగెలు కావలెను.

ముఖ్యముగ జ్ఞాపకముంచుకొనవలసినది ఇది. పెట్రోలు ఇంజను తాళము త్రిప్పినచో ఆగును, స్పార్కు ఆగును గనుక. ఇట్టి డీజిలు ఇంజనునకు స్పార్కు లేదు. చమురు నాపు మీట యుండవలెను. అది డ్రైవరు చేతి కందుబాటులో నుండవలెను. దానిని బిగింపకుండ ఇంజనును మొదటిసారి ప్రారంభింపరాదు.

కొట్టములో జాగ్రత్త

పెట్రోలు టాంకును తీసి, బయట దూరముగ పెట్టిన పిమ్మటనే వెల్డింగు మొదలుపెట్టవలెను. ఖాళీ టాంకు నిండు టాంకుకంటె అపాయకరము. లోని ఆవిరి అంటుకొన్నచో టాంకు ప్రేలును. ట్రాక్టరును రెండుగ విడదీయుటకు ముందు, అటునిటు ఊగు ముందు ఇరుసునకు ఇరుప్రక్కల కొయ్య చీలలు దిగగొట్టవలెను. లేనిచో ముందు భాగము ప్రక్కకు ఒఱిగి మనిషిపై పడును. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. ఎత్తిన తరువాత గట్టి దిమ్మలు పెట్టక దానిక్రింద చేయి పెట్టరాదు.

పాత ఇంజను కొనుచున్నపుడు చల్లగా నున్న ఇంజనును మీ యెదుట ప్రారంభింపుమనుడు. ముందే వేడిచేసిన ఇంజను తన రోగమును దాచును. నల్లపొగ చమురు ఎక్కువైనట్లును గాలి తక్కువైనట్లును, నీలిపొగ ఇంజను ఆయిలు మండుచున్నట్లును, వేడెక్కినను మానని తెల్లపొగ నీరు చేరుచున్నట్లో చమురు సరిగా మండనట్లో తెలుపును. ఆయిలు పాలవలె తెల్లబడియున్నచో దాని జోలికి పోవలదు. విడిభాగములు ఎచ్చట దొరకునో, అమ్మినవాడు రసీదు నిచ్చునో లేదో కనుగొనుడు. నంబరు పలక చెరిపివేసిన ఇంజను ఎంత చవుకైనను కొనరాదు.

చట్టము

1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను వాహనముల మార్పులను గూర్చినది. రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన వివరములు ఒకటియు, బండిలో నున్నవి వేఱొకటియు కాగూడదని దాని సారాంశము. ఇంజను మార్చుటకు పూర్వమే రవాణా శాఖ కార్యాలయమునకు పోయి, ఏ షరతులపై అనుమతి దొరకునో వ్రాతమూలకముగ తెలిసికొనవలెను. మార్పు జరిగిన పిమ్మట క్రొత్త ఇంజను నంబరు, చమురు రకము పత్రములో ఎక్కించుకొనవలెను. బీమా సంస్థకును తెలుపవలెను. కూరగాయల ట్రక్కుతో పట్టణ రహదారిపై ప్రమాదము జరిగిననాడు, పత్రమునకు ఇంజనునకు పొత్తు లేదని తేలినచో బీమా సొమ్ము చేతికి రాకపోవచ్చును. అడుసు త్రొక్కనేల, కాలు గడుగనేల?

సంఘము చేయదగిన పని

ఇంత చదివిన పిమ్మట, ఈ పని ఒంటరి రైతునకు బరువైనదని తోచక మానదు. సహకారమునకు చోటు ఇచ్చటనే కలదు. విశాఖపట్టణపు ఓడరేవు తెఱవబడిన 1933 సంవత్సరముననే ఏటికొప్పాక చెరకు రైతులు సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారము నెలకొల్పుకొనిరి. ఒక్కొక్కరికి అసాధ్యమైన యంత్రము పదిమందికి సాధ్యమైనది. ఇంజను మార్పిడి అంతకంటె చాల చిన్నపని.

సంఘము ఒక గొలుసు కప్పీని, ఒక డయలు గేజిని, ఒక నాజిలు పరీక్షా యంత్రమును కొని యుంచినచో సభ్యులందఱికి పనికివచ్చును. ఏ ట్రాక్టరునకు ఏ ఇంజను పెట్టగా ఏ కొలతలు కుదిరినవో, గంటకెంత చమురు పట్టినదో ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. మొదటి రైతు పడిన శ్రమ రెండవ రైతునకు పాఠమగును. నడిమి పలక యొకసారి కుదిరినచో దాని నమూనాపై పది చేయించవచ్చును, వెలయు తగ్గును. ఏటికి వందగంటలు మాత్రమే పని గల ముగ్గురు రైతులు కలిసి ఒక ట్రాక్టరును ఉపయోగించుకొన్నచో మూడు వందల గంటలగును. మూడవయేట అప్పు తీరు లెక్కలోనికి వారును వత్తురు. మార్పిడికి అప్పు నిచ్చు సంఘమును ఈ గంటల లెక్కను చూడకుండ అప్పు నీయరాదు. అది సభ్యునిపై అనుమానము గాదు, సభ్యునికి రక్షణ.

కడపట, రైతు యెదుట మూడు మార్గములు కలవని మఱువరాదు. మొదటిది, పాత ఇంజనునే బాగుచేయించుట. కార్బురేటరు, వాల్వులు, ప్లగ్గులు సరిచేసినచో వృథాగ పోవు చమురు కొంత మిగులును. దీనికి ఖర్చు స్వల్పము గాన ముందుగ దీనినే చేసి, తిరిగి కొలిచి చూడవలెను. రెండవది, ఇంజను మార్చుట. గేరు బాక్సు, వెనుక ఇరుసు గట్టిగ నుండి, ఏటికి రెండు వందల గంటలకు తక్కువ గాని పని యుండి, తగిన ఇంజను దొరకినచో ఇది మేలైన మార్గము. మూడవది, పాత ట్రాక్టరును అమ్మివేసి బాడుగ ట్రాక్టరుతో పని జరుపుకొనుట. తక్కువ భూమి గల రైతునకు తఱచుగ ఇదియే లాభము. ఇందు చిన్నతనమేమియు లేదు.

సంఘసభ్యులు తమ ట్రాక్టరుల చమురు కొలతలను మూడు పనులకు వేఱువేఱుగ వ్రాసి, వచ్చు సమావేశమునకు తెచ్చినచో, పై మూడు మార్గములలో ఎవరికేది తగునో అందఱును కూర్చుండి నిర్ణయించుకొనవచ్చును. కొలిచి చూచినవాడు మోసపోడు.